జంట మాటల మధ్య గీత

ఆ పొద్దున చెల్లెలు చూస్తుండగా అక్క చేసిన ఆఖరి పని టూత్‌పేస్ట్ అట్టపెట్టె మీద గీత గియ్యడం. కొత్త పెట్టె. చింపి, ట్యూబు బయటికి లాగి, పెట్టెని చెత్తబుట్టలో వెయ్యబోతూ ఆగిపోయింది. చెవి వెనక దోపుకున్న ఎర్ర పెన్సిల్ తీసి, దాని మీది ఇంగ్లీషు మాటకి ముందు, కాస్త పైకి, చీమకాలంత గీత పెట్టింది. టూత్‌కీ పేస్ట్‌కీ మధ్య ఒక చుక్క పెట్టింది.

"ముందు టూత్‌ని నొక్కాలి. పేస్ట్ దానంతటదే వస్తుంది" అంది ట్యూబు నొక్కుతూ.

చెల్లెలు అద్దం ముందు జడ వేసుకుంటోంది. "పొద్దున్నే మొదలెట్టావా తల్లీ! పళ్ళు తోముకుంటావా, పాఠం చెప్తావా?"

"రెండూనూ. నువ్వు షాపుకి పో. నీ పెయిన్ కిల్లర్లు నీకోసం ఏడుస్తుంటాయి."

చెల్లెలు మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. ఆ రోజు అక్క ప్రెస్సుకి సెలవు, మందుల షాపుకి లేదు. పదకొండున్నరకి కింద వాటాలో ఉండే ఇస్త్రీ దుకాణం ఆవిడ ఫోన్ చేసింది. చెల్లెలు మెట్లెక్కి వచ్చేసరికి అక్క కిటికీ పక్క బల్ల మీద తల వాల్చి ఉంది. చెంప కింద ఒక మందు తాలూకు ప్రూఫు కాగితం. డాక్టరు వచ్చి, చెయ్యి పట్టుకుని చూసి, గుండె అన్నాడు. యాభై ఏడేళ్ళు. రిటైరవడానికి ఇంకా పదకొండు నెలలుంది.

గుండె అట! ఆ గుండెని మూడేళ్ళపాటు కాస్త కాస్త నొక్కుతూ వచ్చినవాళ్ళ సంగతి రాయడానికి డాక్టరు కాగితంలో గడి లేదు. చెల్లెలు ఆ కాగితం మీద సంతకం పెడుతూ ఈ మాటే అనుకుంది. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపమే.

అక్క పాఠ్యపుస్తకాలు అచ్చేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది. పేజీలు పేర్చడం అయ్యాక, అచ్చుకి పోయే లోపల తప్పులు పట్టే పని. ఇరవై తొమ్మిదేళ్ళు ఒకే బల్ల, ఒకే కుర్చీ. కుర్చీ చేతులు అరిగి నున్నగా అయిపోయాయి. అక్కడ అందరూ ఆమెని నొక్కులక్క అనేవాళ్ళు. కొత్తగా చేరినవాళ్ళు ఆమె తల చూసి, ఓహో, నొక్కుల జుట్టు కదా, అందుకని కాబోలు అనుకునేవాళ్ళు. జుట్టు అలలు అలలుగా ఉండే మాట నిజమే, నూనెకి కూడా లొంగేది కాదు. కాని పేరు జుట్టు వల్ల వచ్చింది కాదు. ఇంగ్లీషు మాటని ఎక్కడ విరవాలి, ఏ ముక్కని నొక్కి పలకాలి అన్నది ప్రెస్సు మొత్తానికీ ఆమె ఒక్కదానికే తెలుసు.

చేరిన రెండో నెలలోనే పేరు తెచ్చుకుంది. ఆరో తరగతి వాచకంలో ఒక కథ. ఫాదర్ అన్న మాట లైను చివర పట్టలేదు. దాన్ని విరిచి, ఎఫ్, ఎ, టి పై లైన్లో ఉంచి, హెచ్, ఇ, ఆర్ కింది లైన్లోకి దింపారు. అక్క ఆ కాగితం పట్టుకుని తిన్నగా అప్పటి పెద్ద యజమాని గదిలోకి వెళ్ళిందట. "సార్, పై లైన్లో లావు, కింది లైన్లో ఆమె. కన్నతండ్రిని పట్టుకుని ఇలా చెయ్యొచ్చా?" పెద్దాయన పడీ పడీ నవ్వి, ఆ రోజు నుంచి ఇంగ్లీషు పుస్తకాలన్నీ ఆమె బల్ల మీదికే పంపమన్నాడు.

ఇంటికొచ్చినా అదే లోకం. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకే అంటే, "ఆ మాట ఎక్కడ విరిచినా తేడాగానే ఉంది" అనేది. పదకొండేళ్ళ క్రితం చెల్లెలు మొగుడితో పడక సూట్‌కేసు పట్టుకుని వచ్చేస్తే, ఏం జరిగిందని ఒక్క ముక్క అడగలేదు. బల్ల జరిపి మంచానికి చోటు చేసింది. ఇక రాత్రీ పగలూ ఒకటే పాఠం.

"మన మాటలో అన్ని ముక్కలకీ సమానంగా వడ్డిస్తామే. ఆ భాషలో అలా కాదు. ఒక్క ముక్కకి కుర్చీ వేస్తారు, తక్కినవి నించోవాలి. కుర్చీ తప్పు ముక్కకి వేశావో, మాట మారిపోతుంది."

"మారితే మారనీ. కొనేవాడికి మాత్ర అందితే చాలదూ?"

"పెయిన్ మీద నొక్కితే నొప్పి తగ్గించే మందు. కిల్లర్ మీద నొక్కి అరిచావనుకో, షాపులో జనం చెప్పులు వదిలేసి పారిపోతారు."

రెండు మాటలు కలిసి ఒక మాట అయినప్పుడు ఇంకా పట్టుగా ఉండేది. గ్రీన్‌హౌస్ అన్న మాట చెప్పి, బల్ల మీద వేలితో కొట్టేది. మొదటి దెబ్బ గట్టిగా, రెండోది మెల్లగా. "ఇది మొక్కలు పెంచే అద్దాల ఇల్లు." రెండోది గట్టిగా కొట్టేది. "ఇదేమో ఎవడో ఆకుపచ్చ రంగు వేయించుకున్న కొంప." ఇంగ్లీష్ టీచర్ అన్నా అంతేనట. ఇంగ్లీష్‌ని నొక్కితే ఇంగ్లీషు చెప్పే మాస్టారు, టీచర్‌ని నొక్కితే ఇంగ్లండు నుంచి దిగిన మాస్టారు. "మనం పిల్లకాలువ అంటాం. పిల్లదాని కాలువ అనా దాని అర్థం? చిన్న కాలువ అని. రెండు మాటలు కాపరం పెట్టాక వేరే మనుషులవుతాయే" అనేది, పెళ్ళి చేసుకోని మనిషి.

ఇంత తెలిసిన మనిషి మీద ఆ నింద వేశారు. అది చెప్పాలంటే తొమ్మిదో తరగతి పుస్తకం సంగతి చెప్పాలి.

పెద్దాయన పోయాక ప్రెస్సు ఆయన అల్లుడి చేతికి వచ్చింది. మేనేజరన్నది బోర్డు మీద పేరు. వెనకాల అందరూ అల్లుడుగారు అనేవాళ్ళు. మనిషి చెడ్డవాడేం కాదు. కుర్చీలో కూర్చున్నాక ఏదో ఒకటి మార్చకపోతే కూర్చున్నట్టు తెలియదని ఆయన నమ్మకం. ముందు గోడల రంగు మార్చాడు. తర్వాత టీ వేళ మార్చాడు. ఆ తర్వాత అక్క పెట్టిన గీతలు మార్చాడు.

తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పుస్తకంలో నాలుగో పాఠం జంట మాటల మీద. మూడు వందల పన్నెండు మాటలు, ఒక్కొక్కటీ చుక్కలతో ముక్కలుగా విడగొట్టి, నొక్కాల్సిన ముక్కకి ముందు పైన చిన్న నిలువు గీత. గీత ఏ ముక్కకి ముందుంటే ఆ ముక్కని నొక్కాలని రెండో పేజీలో పెద్దక్షరాల్లో రాసి ఉంది. అక్క రెండు సార్లు దిద్దింది, మూడోసారి సరే అని సంతకం పెట్టింది. మూడు వారాలు ఇంట్లో కూర కూడా బల్ల మీద వేలితో కొట్టుకుంటూ తరిగింది.

సంతకమయ్యాక పేజీలు అల్లుడుగారి గదికి వెళ్ళాయి. ఆయన గదిలో ఆయన తండ్రిగారిదట, దిండంత లావు పాత డిక్షనరీ ఒకటుంది. చూస్తే అందులో గీత ముక్కకి వెనక ఉంది. అవును, ఆ కాలం డిక్షనరీల పద్ధతి అది. వాళ్ళు గీత వెనక పెట్టేవాళ్ళు, అక్క పుస్తకం ముందు పెట్టింది. ఏ పద్ధతైనా తప్పు కాదు, ఏదో ఒకటి పట్టుకుంటే చాలు. ఆయన ఆకుపచ్చ ఇంకుతో పాఠం మొదటి పేజీ మీద ఒక్క వాక్యం రాశాడు: గుర్తులన్నీ ఒక ముక్క వెనక్కి జరపండి. పేజీలు పేర్చేవాడు కంప్యూటరు మీద రెండు మీటలు నొక్కాడు. మూడు వందల పన్నెండు గీతలూ ఒక్క గెంతు గెంతి అవతల పడ్డాయి.

రెండో పేజీలో రూలు మాత్రం ఎవరూ మార్చలేదు.

ఇక చూసుకోండి. గ్రీన్‌కి ముందున్న గీత గ్రీన్‌కీ హౌస్‌కీ మధ్యకి వచ్చింది. రూలు ప్రకారం ఇప్పుడది హౌస్ ముందున్న గీత. అద్దాల ఇల్లు కాస్తా రంగు కొంప అయి కూర్చుంది. బ్లాక్‌బోర్డు, బుక్‌షాపు, నోట్‌బుక్, అన్నీ తలకిందులు. వాటర్‌ఫాల్‌లో అయితే నొక్కు పోయి పోయి మధ్యలో టర్ అన్న ముక్క మీద పడింది. ఆ ముక్క పుట్టాక దాన్ని ఎవరూ నొక్కి ఎరగరు! పుస్తకం బళ్ళకి చేరింది. ఆ ఏటి పరీక్షలో నొక్కు గుర్తించండి అని పది మాటలిచ్చారు. పుస్తకం చూసి బుద్ధిగా నేర్చుకున్న పిల్లలందరికీ సున్నా. పుస్తకం తెరవని వాళ్ళలో కొందరికి, నోటికొచ్చినట్టు పెట్టినందుకు, అయిదూ ఆరూ వచ్చాయి.

మాస్టర్లు ఉత్తరాలు రాశారు. అల్లుడుగారు బళ్ళన్నిటికీ ఒక చీటీ అచ్చేసి పంపాడు, పుస్తకం లోపలి అట్టకి అంటించుకోమని. అరచేతిలో సగం ఉండే చీటీ, ఇంగ్లీషులో నాలుగు లైన్లు. ప్రూఫ్‌రీడర్ అజాగ్రత్త వల్ల నాలుగో పాఠంలో నొక్కు గుర్తులు తారుమారయ్యాయి, విచారిస్తున్నాం అని. ఆ ప్రెస్సులో ప్రూఫ్‌రీడర్ ఒక్కతే. పద్దెనిమిది వేల పుస్తకాల్లో పేరు లేకుండా ఆమె పేరు అంటించారు.

అక్క ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, "చీటీ పంపుతున్నారే. కట్టలు కడుతుంటే చూశాను" అంది. అంతే. మొహం కడుక్కుని టీ పెట్టింది.

చెల్లెలు ఊరుకుంటుందా? "నువ్వు వెళ్ళి అడగలేదా? ఆ డిక్షనరీ పట్టుకుని ఆయన నెత్తి మీద ఒక్కటి వెయ్యలేకపోయావా?"

"అడిగాను. పిల్లలకి అంత తేడా తెలుస్తుందా అన్నాడు."

"దానికి నువ్వేమన్నావు?"

"పిల్లలకి తెలియాలనే కదా సార్ పుస్తకం అన్నాను."

"అరవలేదా?"

"అరిస్తే మాట వినపడదే. అరుపే వినపడుతుంది."

చెల్లెలికి ఒళ్ళు మండిపోయింది. ఈ మనిషికి చీమూ నెత్తురూ లేవా అనుకుంది. ఎక్కడ నొక్కాలో తెలియనివాళ్ళు గొంతు నొక్కడం మాత్రం చక్కగా నేర్చుకున్నారు, దాన్ని నొక్కించుకోవడం ఈవిడ నేర్చుకుంది!

అక్క చేతిలోంచి ఇంగ్లీషు పుస్తకాలు తీసేసి, కాలెండర్లూ, మందుల పెట్టెల్లో పదహారు మడతలు పెట్టి దూర్చే కాగితాలూ ఇచ్చారు. ఎండుచేపల కళ్ళంత అక్షరాలు. భూతద్దం పెట్టుకుని చూసేది. నెల నెలా మొదటి సోమవారం మాత్రం అల్లుడుగారి గదికి వెళ్ళేది. ఒకే కోరిక. తప్పు ఎవరిదో రాయక్కర్లేదు, నాది కాదని ఒక్క వాక్యం బళ్ళకి పంపండి. ఆయన ఒకో నెల ఫోన్లో ఉండేవాడు, ఒకో నెల చూద్దామమ్మా అనేవాడు. ముప్ఫై నాలుగు సోమవారాలు. వెళ్ళే రోజు ఇస్త్రీ చీర కట్టుకునేది. చెల్లెలికి ఆ చీర చూస్తేనే మంట.

"నేను వస్తాను పద. నా నోరు సంగతి ఆయనకి తెలియదు."

"నాకు తెలుసుగా. అందుకే వద్దంటున్నాను."

ఒకసారి మందుల షాపుకి ఒక మాస్టారు తలనొప్పి మందు కోసం వచ్చాడు. చిల్లర తీసుకుంటూ, "పిల్లల పుస్తకాలతోనే ఈ తలనొప్పి అమ్మా. ఆ ప్రెస్సులో ఎవరో మహాతల్లి ఉంది, ప్రూఫులు దిద్దుతుందట. ఆవిడకి అసలు ఇంగ్లీషు వచ్చో రాదో!" అన్నాడు.

చెల్లెలు ఇవ్వబోయిన మందు వెనక్కి లాక్కుంది. "ఆ మహాతల్లి మా అక్క."

"అయ్యో, నాకు తెలియక..."

"తెలియకే అందరూ అనేది. మీ అట్ట మీద చీటీ చదివారు గాని, రెండో పేజీలో రూలు చదివారా? గీతలు ఎలా జరిగాయో ఒక్క నిమిషం ఆలోచించారా? మాస్టారు కదా!"

షాపు యజమాని అడ్డొచ్చి మాస్టారికి సారీ చెప్పి పంపాడు. ఇంటికొచ్చి అక్కకి ఈ సంగతి చెబితే, అక్క అడిగిన మొదటి ప్రశ్న, "ఆయనకి మందు ఇచ్చావా?" అని.

అలాంటి మనిషి పోయింది. పదో రోజున ప్రెస్సులో సంతాప సభ పెట్టామని, ఇంటివాళ్ళు తప్పకుండా రావాలని కబురొచ్చింది. చెల్లెలు అక్క ఇస్త్రీ చీరే కట్టుకుని వెళ్ళింది. కాగితం రీముల గోడౌను. రీముల మీద బట్ట పరిచి ఫోటో పెట్టారు. ఇరవై మంది నించుని ఉన్నారు. పక్క బల్ల మీద టీ, బిస్కెట్లు.

అల్లుడుగారు మాట్లాడాడు. ఆవిడ క్రమశిక్షణ, ఆవిడ సమయపాలన. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత గొంతు కాస్త తగ్గించి, "పొరపాట్లు మానవ సహజం. ఆవిడ వల్ల కూడా ఒకసారి పెద్ద పొరపాటే జరిగింది. అయినా సంస్థ ఆవిడని వదులుకోలేదు. కడుపులో పెట్టుకుంది" అన్నాడు.

"ఏ పొరపాటండీ?"

అందరూ వెనక్కి తిరిగారు. చెల్లెలు టీ కప్పు బిస్కెట్ల పక్కన పెట్టి ముందుకొచ్చింది.

"ఇప్పుడు అవన్నీ ఎందుకమ్మా..."

"మీరే ఎత్తారు కదా. ఫోటో ముందు నించుని ఎత్తారు. ఏ పొరపాటో చెప్పండి, ఆవిడ కూడా వింటుంది."

"మనసు బాగాలేదు మీకు. లోపలికి రండి, మాట్లాడుకుందాం."

గదిలో కుర్చీ చూపించాడు. "కూర్చోమ్మా."

"కూర్చోడానికి రాలేదు. ముప్ఫై నాలుగు సోమవారాలు మా అక్కని నించోబెట్టారు. నేనూ నించునే మాట్లాడతాను. ఆ చీటీ తప్పని బళ్ళకి రాయండి."

"అది మూడేళ్ళ నాటి సంగతి. ఆ పుస్తకాలు చిరిగి కూడా పోయుంటాయి. ఈ ఏడు కొత్త పుస్తకం వచ్చింది కూడాను. ఇప్పుడు రాస్తే ఎవరు చదువుతారు?"

"నేను చదువుతాను."

ఆయన కాసేపు బల్ల మీది పేపర్‌వెయిట్ తిప్పాడు. "ఒక పని చేద్దాం. అక్కగారి ఫోటో పెద్దది చేయించి హాల్లో పెట్టిస్తాను."

"ఫోటో మా ఇంట్లోనూ ఉంది. నాకు వాక్యం కావాలి."

"సరే. సాంకేతిక కారణాల వల్ల తప్పు జరిగింది అని రాయిస్తాను. చాలా?"

"సాంకేతిక కారణాలంటే ఎవరండీ? ఏ కుర్చీలో కూర్చుంటాడు ఆయన?"

ఆయన మొహం ఎర్రబడింది. "మాటలు జాగ్రత్త. గుర్తులు మార్చింది నేనేనని మీ దగ్గర రుజువేమన్నా ఉందా?"

అప్పుడు తలుపు దగ్గర ఎవరో దగ్గారు. పేజీలు పేర్చేవాడు. అక్క కన్నా పదేళ్ళు చిన్న. రోజూ నాలుగింటికి అక్క ఫ్లాస్కులో టీ పంచుకు తాగే మనిషి. చంకలో ఒక దళసరి ఫైలు ఉంది. దాని మీద దుమ్ము చారలు చారలుగా తుడిచి ఉంది.

"చిన్నక్కా, ఇది స్టోరులో ఉంది" అన్నాడు నేల చూస్తూ. "తొమ్మిదో తరగతి పేజీలు. అక్క దిద్దినవీ, సంతకం పెట్టినవీ. తర్వాత సారు రాసిందీ ఉంది."

చెల్లెలు ఫైలు బల్ల మీద పెట్టి విప్పింది. గ్రీన్‌హౌస్, ముందు గీత, ఎర్ర పెన్సిల్‌తో టిక్కు. బ్లాక్‌బోర్డు, టిక్కు. పదకొండు పేజీలూ అంతే. తర్వాత పాఠం మొదటి పేజీ మరో కాపీ, దాని మీద ఆకుపచ్చ ఇంకు. ఆమె ఆ పేజీ ఆయన ముందు పెట్టి, ఆ ఒక్క వాక్యం కింద వేలు ఆనించి నిలబడింది. ఆయన చదవలేదు. చదవక్కర్లేదు, రాసింది ఆయనే.

చెల్లెలు పేజీలవాడి వైపు తిరిగింది. "మూడేళ్ళు మా అక్క టీ తాగావు. ఇది స్టోరులో ఉందని ఒక్క రోజు నోరు విప్పలేకపోయావా?"

"నన్ను తీసేస్తారని... అక్కే చెప్పొద్దంది చిన్నక్కా."

"చెప్పొద్దంటే మానేస్తావా? రేపు బావిలో దూకమంటే దూకుతావా? అక్క ఊరుకుందని అందరూ ఊరుకున్నారు. ఊరుకునే మనిషి దొరికితే లోకమంతా ఎంత హాయిగా ఊరుకుంటుందో!"

అతను ఏడ్చేశాడు. ఆమెకి జాలి వేసింది, జాలి వేసినందుకు ఇంకా కోపం వచ్చింది. ఫైలు మూసి సంచిలో పెట్టుకుంది.

"అది ప్రెస్సు ఆస్తి" అన్నాడు అల్లుడుగారు, లేచి చెయ్యి చాపి.

"కాగితం మీ ఆస్తి. ఆ చేతిరాత మాది. కావాలంటే పోలీసుల్ని పిలవండి. వాళ్ళకీ చూపిస్తాను, వాళ్ళ పిల్లలూ తొమ్మిదో తరగతి చదివే ఉంటారు. మీరు రాయరు కదా, నేనే రాస్తాను. ఈ పేజీ పెట్టి ఒక్కో బడికీ పంపుతాను."

ఎవరూ ఎవర్నీ పిలవలేదు. గోడౌనులో ఇరవై మందీ దారిచ్చారు. ఫోటో కూడా తీసి సంచిలో పెట్టుకునే బయటికొచ్చింది.

బస్‌స్టాపులో ఎండ. బెంచీ మీద చోటుంటే కూర్చుంది. అక్క ముప్ఫై నాలుగు సోమవారాల్లో సాధించలేనిది తను ఒక్క పూటలో సాధించానన్న పొగరు కూడా, అబద్ధమెందుకు, కాస్త ఉంది. బస్సు వచ్చే లోపల ఆ పేజీలు ఇంకోసారి చూద్దామని ఫైలు తీసింది. ఒక్కో పేజీ తిప్పుతూ పోయింది. ఆకుపచ్చ ఇంకు పేజీ అయ్యాక ఫైలు అయిపోయిందనుకుంది. అట్టకి అతుక్కుని ఇంకొక కాగితం ఉంది. చిన్నది, అరచేతిలో సగం అచ్చు, చుట్టూ వెడల్పు మార్జిను.

నాలుగు లైన్లు. ఆ చీటీయే. అచ్చుకి వెళ్ళక ముందు తీసిన ప్రూఫు.

దాని మీద ఎర్ర పెన్సిల్ ఉంది. ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది ఒక్కరే అయితే, ఆ ప్రూఫు మాత్రం ఇంకెవరి బల్ల మీదికి వెళ్తుంది? ఇంత సులువైన సంగతి ఆమెకి మూడేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు.

రెండో లైను చివర ప్రూఫ్‌రీడర్ అన్న మాట పట్టలేదు. మెషీను దాన్ని తప్పు చోట విరిచి, ప్రూఫ్ చివరి ఎఫ్‌ని కింది లైన్లో రీడర్‌కి అంటగట్టింది. అక్క ఆ ఎఫ్ చుట్టూ సున్నా చుట్టి, గీత లాగి, పై లైనుకి చేర్చింది. మార్జినులో టిక్కు పెట్టి, సరిచూశాను అని రాసి, పొడి అక్షరాల సంతకం చేసి, తేదీ వేసింది. కట్టలు కడుతుంటే చూశాను అని ఇంటికొచ్చి చెప్పిన రోజుకి తొమ్మిది రోజుల ముందు తేదీ అది. తక్కిన వాక్యంలో ఆమె ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు.